నలభై రెండు చుట్లు

ఒక చిన్న యూరపు దేశంలో ఒకే ఏడాదిలో పడుచువాళ్ల ఉద్యోగాలు ఎంత శాతం పెరిగాయన్న సంగతి, సౌదీలో తబూక్ శివార్లలో మోటార్లు వైండింగు చేసుకునే బాలన్నకు తెలియవలసిన అవసరం ఏమీ లేదు. ఆ దేశానికీ ఆయనకూ అంతకుముందు ఏ విధమైన రాకపోకలూ లేవు. అయినా అక్టోబరులో ఒక ఆదివారం పొద్దున, కంపెనీ ఆఫీసులో తెర దించి, రియాద్ నుంచి వచ్చిన ఒక సలహాదారు ఆ పెరుగుదల గీతను చూపించినప్పుడు బాలన్న మూడో వరసలో కూర్చుని ఉన్నాడు. ఖాళీ కుర్చీలు కనబడితే బాగుండదని ముదీరు, అంటే కంపెనీ మేనేజరు, వర్క్‌షాపులో చేతికి గ్రీజు ఉన్నవాళ్లనీ లేనివాళ్లనీ అందర్నీ పిలిపించి కూర్చోబెట్టాడు.

గీత ఎడమవైపు నేలబారుగా బయల్దేరి కుడివైపు కొండెక్కింది. సలహాదారు దాని గురించి నలభై నిమిషాలు మాట్లాడాడు. బాలన్న పక్కకు వంగి, ఆఫీసు గుమస్తా మహబూబ్ సుభానిని అడిగాడు.

"ఏం జెప్తుండు సుభాని భాయ్?"

సుభానిది మదనపల్లె. కంపెనీలో ఎవరి కాగితమైనా ఆయన చేతిమీదుగానే పోవాలి. "అదేదో చిన్న దేశమంటన్నా. ఆడ కుర్రోళ్లకి ఒక్క ఏడాదిలో శానా ఉద్యోగాలు వచ్చినాయంట."

"మంచిదే గద. ఎట్లొచ్చినయ్?"

"పాత పనోడి పక్కన కొత్తోణ్ని కూర్చోబెట్టినారంట."

"గంతేనా?"

"అంతే."

"గిది చెప్పనీకి విమానం ఎక్కి వచ్చిండా?"

"మెల్లిగన్నా. ముదీరు సూస్తా ఉండాడు."

ముదీరు నిజంగానే చూస్తున్నాడు. చూడడమే కాదు, ఏదో నిశ్చయించుకున్నవాడిలా బాలన్న వైపు వేలు చూపించి సలహాదారు చెవిలో ఒక మాట చెప్పాడు. చరిత్రలో పెద్ద మార్పులన్నీ బహుశా ఇలా, మూడో వరసలో ఉన్నవాడిని అడగకుండానే మొదలవుతాయి.

ఇక్కడ కొంత చెప్పుకోవాలి. బాలన్నది మెట్‌పల్లి పక్క పల్లె. బోరుబావులు ఎక్కువ, కరెంటు తక్కువ, వచ్చిన కరెంటుకు నిలకడ తక్కువ కావడంతో ఆ ప్రాంతంలో మోటార్లు తరచుగా కాలిపోయేవి. అలా కాలిపోయిన మోటార్ల మీద చదువుకున్నవాడు బాలన్న. ఆ చదువుతోనే తబూక్ వచ్చి పంతొమ్మిదేళ్లయింది. చుట్టూ పెద్ద పెద్ద పొలాలు. ఎడారి అడుగున ఎక్కడో ఉన్న నీళ్లను మోటార్లు పైకి లాగితేనే గడ్డి పచ్చగా ఉంటుంది, గోధుమ గింజ కడుతుంది. మోటారు కాలితే రైతు బాలన్న దగ్గరికి వస్తాడు. ఆ లెక్కన తబూక్ పచ్చదనంలో తన వాటా ఎంతో బాలన్నకు తెలుసు. ఎవరికీ చెప్పుకోలేదంతే.

ఆ ఏడాది మాత్రం ఆయన దృష్టి వేరే పచ్చదనం మీద ఉంది. నితాకాత్ అనే పద్ధతి ప్రకారం, సౌదీ పౌరులకు ఎంతమందికి పని ఇచ్చిందన్న దాన్నిబట్టి ప్రతి కంపెనీకీ ఒక రంగు వస్తుంది. ఆకుపచ్చ వస్తే క్షేమం. బాలన్న కంపెనీ పసుపులో ఉంది. పసుపు అంటే మన ఇళ్లలో గడపకు రాసుకునే రంగు కాబట్టి బాలన్న మొదట్లో సంతోషించాడు. సుభాని ఆ సంతోషాన్ని ఎంతోసేపు ఉండనివ్వలేదు.

"పసుపులో ఉంటే ఏండ్ల తరబడి ఉండేవాళ్ల ఇఖామా రెన్యువల్ కాదన్నా. నీది డిసెంబరు పదారుకు అయిపోతాది. ఆలోపల ఆకుపచ్చ రాకపోతే ఫైనల్ ఎగ్జిట్టే."

ఇఖామా, అంటే నివాస అనుమతి, ఉంటేనే మనిషి అక్కడ ఉన్నట్టు. బాలన్నకు ఇంకా రెండేళ్లు ఉండాలి. కూతురు కావ్య జగిత్యాలలో నర్సింగు రెండో ఏడు చదువుతోంది. భార్య పుష్ప ఇరవై ఏళ్లుగా బీడీలు చుడుతోంది. కావ్య చదువు పూర్తయిన రోజున తంబాకు చాట అటక మీద పెట్టేస్తానని ఆమె ముందే ప్రకటించింది. ఇంటికి సంబంధించిన కార్యక్రమాలన్నీ ఆ రెండేళ్ల మీదే నిలబడి ఉన్నాయి.

అప్పటికే పరదేశీ పనివాళ్ల మీద తలకింత అని లెవీ పన్నులు మొదలై, వాళ్లుండే కంపెనీ క్యాంపులో అరవైమంది ఇరవై ఇద్దరయ్యారు. వెళ్లిపోయినవాళ్లలో లక్ష్మణ్ ఒకడు. బోరు మోటారు స్టేటరు పొడుగాటి ఇనప గొట్టంలా ఉంటుంది. దానికి తీగ చుట్టాలంటే ఆ చివర ఒకడు, ఈ చివర ఒకడు కూర్చుని, ఒకడు తోస్తుంటే ఇంకొకడు లాగాలి. పదకొండేళ్లు ఆ చివర కూర్చున్నవాడు లక్ష్మణ్. అతను పోయాక బాలన్న ఈ చివర తోసి, లేచి, ఆ చివరికి వెళ్లి లాగి, మళ్లీ ఈ చివరికి వచ్చేవాడు. ఒక మోటారు పూర్తయ్యేసరికి ఆయన నడిచిన దూరం మెట్‌పల్లి నుంచి కోరుట్ల దాకా ఉండేదని క్యాంపులో అనుకునేవారు.

కంపెనీలో సౌదీ కుర్రవాళ్లు ఇద్దరున్నారు. ఒకడు ప్రభుత్వ ఆఫీసుల చుట్టూ కాగితాలు తిప్పేవాడు, రెండోవాడు యజమాని మేనల్లుడు. మూడోవాడు దొరికితే రంగు మారుతుంది. పేరు ఎక్కించగానే మారదు, వారాల సగటు చూస్తారు గనక అతను నిలవాలి కూడా. ఇద్దరు ముగ్గురైతే కుర్రవాళ్ల ఉద్యోగాల్లో వార్షిక వృద్ధి యాభై శాతం. ఆ చిన్న యూరపు దేశం కలలో కూడా చూడని అంకె అది.

ఇబ్బంది ఏమిటంటే ఆ మూడోవాడు అప్పటికి రెండుసార్లు వచ్చి రెండుసార్లూ వెళ్లిపోయాడు. మొదటిసారి వచ్చినవాడు తొమ్మిది రోజులు, తర్వాత వచ్చినవాడు ఆరు రోజులు ఉన్నారు. క్యాంపు వాళ్లు చేయవలసిందంతా చేశారు. కొత్తల్లుడు ఇంటికొస్తే ఎలాంటి మర్యాద జరుగుతుందో అదంతా జరిపించారు. మెత్తటి కుర్చీ వేశారు. కూలరు అతనివైపు తిప్పారు. గంటకోసారి సులైమానీ చాయ్ ఇచ్చారు. స్పానరు వైపు చెయ్యి చాస్తే, "అయ్యో, మీరెందుకు సార్" అని లాక్కున్నారు. తొమ్మిదో రోజున ఒకడు, ఆరో రోజున ఇంకొకడు లేచి, చెప్పకుండా వెళ్లిపోయారు. సౌదీ పిల్లలు పని చేయరని క్యాంపు తీర్మానించింది. వాళ్లకు పని ఇచ్చి చూసినవాళ్లు మాత్రం క్యాంపులో ఎవరూ లేరు.

మూడో అల్లుడు సలహాదారు వెళ్లిన వారానికి వచ్చాడు. పేరు రాకాన్. ఇరవై మూడేళ్లు, సన్నగా ఉంటాడు, పాలిటెక్నిక్ లాంటిదేదో చదివాడు, దుమ్ము కొట్టుకున్న హైలక్స్ నడుపుకుంటూ వచ్చాడు. ముదీరు అతన్ని తెచ్చి బాలన్నకు అప్పగించాడు. పాత పనివాడి పక్కన కొత్తవాడు. గీత కొండెక్కవలసిన చోటు ఇదే.

"అన్నా," అన్నాడు సుభాని తర్వాత, గొంతు తగ్గించి. "ఈ పిల్లోడు పోతే నీ ఇఖామా కూడా వాని యెంటే పోతాది. కండ్లలో పెట్టుకోని సూసుకో."

"సూస్కుంట. సొంత అల్లున్ని గూడ గింత మంచిగ సూస్కోను."

అలాగే చూసుకున్నాడు కూడా. మూడు రోజులు కుర్చీ, కూలరు, చాయ్ సక్రమంగా నడిచాయి. తను మాత్రం ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తూనే ఉన్నాడు. రాకాన్ కుర్చీలోంచి ఆ నడక చూస్తూ ఉన్నాడు. నాలుగోరోజు చాయ్ తెచ్చి ఇస్తే తీసుకోలేదు.

"రఫీక్, కూర్చో," అన్నాడు. ఉర్దూ సగం, అరబ్బీ సగం కలిసిన వర్క్‌షాపు భాషలోనే అన్నాడు. రఫీక్ అంటే దోస్తు, పరదేశీ పనివాళ్లందరికీ అక్కడ అదే పిలుపు. "మా తాత గుడారానికి ఎవరైనా వస్తే మూడు రోజులు ఏమీ అడగరు. తింటాడు, తాగుతాడు, పడుకుంటాడు. నాలుగోరోజు అడుగుతారు, ఏం పని మీద వచ్చావని. ఇవాళ నాలుగోరోజు. మీరు అడగలేదు. నేనే చెబుతున్నా. మోటారు పని కోసం వచ్చాను. లేదంటే చెప్పు, పోతాను."

బాలన్న అతని ఒంటి మీది తెల్లటి పొడుగు అంగీ, తోబు వైపు చూశాడు. "బట్టలు ఖరాబ్ అయితయి సార్."

రాకాన్ లేచి బయటికి పోయాడు. హైలక్స్ తలుపు తెరిచిన చప్పుడైంది. పాయె, రెండేళ్లూ పాయె అనుకున్నాడు బాలన్న. రెండు నిమిషాల్లో రాకాన్ తిరిగి వచ్చాడు. ఒంటి మీద నీలం రంగు ఓవరాల్, మడతలు ఇంకా పోలేదు. మొదటిరోజే కొనుక్కొచ్చి బండిలో పెట్టుకున్నాడట. అడుగుతారని చూశాడట.

అది విని బాలన్నకు ముందు వెళ్లిపోయిన ఇద్దరూ గుర్తొచ్చారు. వాళ్ల బండ్లలో ఏముండేదో ఎవరూ చూడలేదు. మర్యాద చేసి మనుషుల్ని వెళ్లగొట్టవచ్చునని ఆయనకు నలభై ఏడో ఏట తెలిసింది.

ఆ చివర లక్ష్మణ్ స్టూలు చూపించాడు. "కూసో," అన్నాడు. సార్ అనలేదు.

ఒక్కో కాయిల్‌కు నలభై రెండు చుట్లు. బాలన్న తోస్తాడు, రాకాన్ లాగుతాడు, చుట్టు పూర్తవగానే ఇద్దరిలో ఎవరో ఒకరు లెక్క పైకే చెబుతారు. ఒక చుట్టు ఎక్కువైనా తక్కువైనా మోటారు బావిలో దిగాక ఎన్నాళ్లుంటుందో చెప్పలేం. అందుకని వర్క్‌షాపులో ఒక్కటే శాసనం: లెక్క నడుస్తున్నప్పుడు ఎవరూ పలకరించకూడదు, పలకరిస్తే పలకకూడదు, లెక్క తప్పిందంటే మొత్తం విప్పాలి. బాలన్నకు లెక్క తెలుగులోనే వస్తుంది. ఉర్దూలో ముప్పై దాటితే తడబడతాడు, అరబ్బీలో పదికే ఆగిపోతాడు. కాబట్టి బలీ అనే ఎడారి తెగ బిడ్డ రాకాన్ వారం తిరిగేసరికి నలభై రెండు దాకా తెలుగు అంకెలు నేర్చాడు. నలభై మూడు అతనికి రాదు. అవసరం పడలేదు.

రెండో వారంలో, లెక్క ముప్పై తొమ్మిదిలో ఉండగా రాకాన్ ఫోను మోగింది. అతను ఎత్తాడు.

బాలన్న నోట్లోంచి మాటలు ఆయన ప్రమేయం లేకుండానే వచ్చాయి. "ఓర్నీ! ఫోను ఎత్తినవ్? తెల్వదా? లెక్క పాయె గదరా! ఇప్పు, మొత్తం ఇప్పు! సోంబేరి మొకమా!"

అప్పుడే కాగితాలు పట్టుకొచ్చిన సుభాని గుమ్మంలోనే నిలబడి దేవుణ్ని తలుచుకున్నాడు. రాకాన్‌కు తెలుగులో అంకెలు తప్ప ఏమీ రావు, కానీ తిట్టు ఏ భాషలో ఉన్నా అర్థమవుతుంది. ఫోను పక్కన పెట్టాడు. తలవంచుకుని ముప్పై తొమ్మిది చుట్లూ ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు.

"ఏం జేస్తివన్నా!" అన్నాడు సుభాని, బాలన్నను బయటికి లాక్కుపోయి. "వాళ్ల నాయన రేపు పోలీసోళ్లతో వస్తే?"

"నోరు జారింది భాయ్. మా పోరగాడే అనుకున్న."

"అల్లుడంటివి కదా?"

"అల్లున్ని తిట్టంగ ఎవడన్న సూసిండా? కొడుకుననే తిడ్తం."

మర్నాడు పొద్దున ఏడింటికి రావలసిన హైలక్స్ ఏడుంబావు దాటినా రాలేదు. బాలన్న తీగ చుట్ట ముందు కూర్చుని మెట్‌పల్లిలో ఏం పని చేయవచ్చునో ఆలోచిస్తున్నాడు. ఏడున్నరకు బండి వచ్చింది. రాకాన్ దిగాడు, ఫోను బాలన్నకు చూపించి, సీటు మీద పెట్టి, తలుపు తాళం వేశాడు. టైరు పంక్చరైందన్నాడు. స్టూలు మీద కూర్చుని, "యల్లా ముఅల్లిమ్. ఒకటి," అన్నాడు.

యల్లా అంటే ఇక కానీ, ముఅల్లిమ్ అంటే పని నేర్పే మేస్త్రి. పంతొమ్మిదేళ్లలో బాలన్నను అక్కడ ఎందరో ఎన్నో విధాల పిలిచారు. ఆ పిలుపు మాత్రం అదే మొదటిసారి. ఆయన వెంటనే "రెండు" అనలేకపోయాడు. సరిగ్గానే ఉన్న తీగను మళ్లీ ఒకసారి సరిచేశాడు.

తబూక్‌లో చలి దిగింది. వార్నిష్ ఆరడానికి రెండింతలు పట్టేది. సుభాని ప్రతి ఆదివారం కంప్యూటరు తెరిచి రంగు చూసేవాడు, ప్రతి ఆదివారం పసుపే. డిసెంబరు ఎనిమిదో తారీకు వచ్చింది. ఇఖామాకు ఇంక ఎనిమిది రోజులు. ఆ రోజు పొద్దున లేబర్ ఆఫీసు నుంచి తనిఖీ అధికారి వచ్చాడు. కొన్ని కంపెనీలు సౌదీల పేర్లు కాగితం మీద రాసి, మనుషుల్ని ఇంట్లో ఉంచుతాయి. అలాంటిదేమైనా ఉందేమో చూడడానికి. ఉందని తేలితే పసుపు ఎరుపవుతుంది.

ముదీరు ఆయన్ని స్వయంగా వర్క్‌షాపుకు తీసుకొచ్చాడు. వెనక సుభాని.

స్టేటరుకు ఆ చివర, ఈ చివర ఇద్దరు మనుషులు. ఇద్దరికీ మోచేతుల దాకా మరకలు, ఇద్దరికీ చలికి తలచుట్టూ మఫ్లర్లు.

"రాకాన్ ఎవరు?" అన్నాడు అధికారి.

ముదీరు చూపించాడు. అధికారి ముందుకు వెళ్లి, "అస్సలాము అలైకుమ్," అన్నాడు.

ఆ దేశంలో సలాముకు బదులు చెప్పకపోవడం చిన్న విషయం కాదు. రాకాన్ తల ఎత్తలేదు. తీగ లాగాడు. "ఇరవై ఆరు," అన్నాడు.

"రాకాన్! అస్సలాము అలైకుమ్!"

"ఇరవై ఏడు."

ముదీరు మొహం పాలిపోయింది. బాలన్నకు నోరు తెరిచి, పలకరా నాయనా అనాలని ఉంది. అంటే లెక్క పోతుంది. ఆయన నోరు కూడా దాని పాటికి అది, "ఇరవై ఎనిమిది," అంది.

అధికారి సుభాని వైపు తిరిగాడు. "ఇది ఏ భాష?"

"తెలుగు సార్. ఇండియాలో..."

"నేను సౌదీ మనిషి ఎవరని అడిగాను."

"ఇతనే సార్. సౌదీయే."

అధికారి వంగి, మఫ్లరు సందులోంచి రాకాన్ మొహం చూశాడు. ముప్పై రెండు. చేతిలో ఉన్న ఫోటో చూశాడు. ముప్పై మూడు. మళ్లీ మొహం చూశాడు. ఓవరాల్ తొడిగిన ఒక ఇండియన్‌ను చూపించి తనను మోసం చేస్తున్నారన్న అనుమానం ఆయన కనుబొమల మధ్య స్పష్టంగా కనిపించింది. ముప్పై తొమ్మిది దగ్గర సుభాని కళ్లు మూసుకున్నాడు. ఫోను మోగిన రోజు నుంచి ఆ అంకె అంటేనే ఆయనకు భయం.

"నలభై. నలభై ఒకటి. నలభై రెండు."

రాకాన్ తీగ కొస దారంతో కట్టాడు. లేచాడు, మఫ్లరు తీశాడు, చెయ్యి ఓవరాల్‌కు తుడుచుకుని గుండె మీద పెట్టుకున్నాడు. సలాముకు ఎంత పొడుగు బదులు ఉందో అంతా, దీవెనలతో సహా, తబూక్ ఎడారి తెగలవాళ్ల, బదూల యాసలో చెప్పాడు. ఆ యాస వినగానే అధికారి నడుం నిటారైంది. అది ఏ ఇండియన్ నోటా వచ్చేది కాదు.

"ముందే ఎందుకు పలకలేదు?"

"లెక్క పోతే మొత్తం విప్పాలి. ముఅల్లిమ్ తిడతాడు."

"ముఅల్లిమ్ ఎవరు?"

రాకాన్ వేలు చూపించాడు. తన జీవితంలో తన వైపు చూపించిన రెండో వేలు ఇది అనుకున్నాడు బాలన్న. లేచి నిలబడ్డాడు. సౌదీ బిడ్డను తిట్టినవాడు దొరికిపోయాడు.

అధికారి ఆయన్ని పైనుంచి కిందికి చూశాడు. "తిడతావా?"

"ఒక్కపారి తిట్టిన సార్. లెక్క తప్పిండు," అన్నాడు బాలన్న. కంగారులో తెలుగే వచ్చింది. సుభాని అరబ్బీలోకి మార్చాడు.

అధికారి ఇంకేమీ అడగలేదు. ఫైలు తెరిచి ఏదో రాసి, ముదీరు ఇవ్వబోయిన కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. తలకిందుగా ఉన్న అరబ్బీ చదవడం సుభానికి వృత్తిరీత్యా అబ్బిన విద్య.

"ఏం రాసిండు భాయ్?"

"ఒక్క మాటే రాసినాడన్నా. 'పని చేస్తున్నాడు' అని."

నాలుగు రోజుల తర్వాత, గురువారం, సుభాని ఆఫీసు నుంచి వర్క్‌షాపుకు పరిగెత్తుకుంటూ వచ్చాడు. యాభై నాలుగేళ్ల మనిషి, పరిగెత్తడం ఎవరూ చూసి ఎరగరు. చేతిలో కంప్యూటరు నుంచి తీసిన కాగితం. రంగు ఆకుపచ్చ అయింది, మొదటి రెన్యువల్ బాలన్నది, ఇంకో ఏడాది. వచ్చే ఏడాది సంగతి వచ్చే ఏడాది.

"అన్నా! ఓ బాలన్నా!"

బాలన్న ఆయన్నీ చూశాడు, కాగితాన్నీ చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. తీగ తోశాడు.

"ముప్పై ఒకటి."

"ముప్పై రెండు," అన్నాడు రాకాన్, నవ్వు ఆపుకుంటూ.

సుభాని కాగితం పట్టుకుని, ఆయాసపడుతూ, శాసనానికి కట్టుబడి నిలబడ్డాడు. ఆ ఒక్క కాగితం కోసం రెండు నెలలు కాచుకున్న మనిషి ఇంకో పది చుట్లు ఆగగలడు.

తర్వాత బాలన్న ఇంటికి ఫోను చేశాడు. పుష్ప మొదట ఏడ్చింది, తర్వాత అడిగింది: "ఎవలు సాయం జేసిండ్రు కావ్య బాపూ?"

"రాకాన్ అని ఒక పిలగాడు. మంచి పోరడు. మనలెక్క ఒకటి రెండు అంటడు."

"వాని కడుపు సల్లగుండ. ఇంకెవలన్న ఉన్నరా?"

బాలన్న ఆలోచించాడు. సలహాదారు గుర్తొచ్చాడు, తెర గుర్తొచ్చింది, కొండెక్కిన గీత గుర్తొచ్చింది. "ఒక దేశం ఉన్నదే. చిన్నది. గక్కడి పిలగాండ్లకు మంచిగ నౌకర్లు దొరికినయట. గది చూసే మా ముదీరు వీణ్ని నా పక్కకు కూసోబెట్టిండు."

"ఏం దేశం?"

ఆయన సుభానిని అడిగాడు. సుభానికీ గుర్తులేదు. ముదీరును అడిగితే, ఆ సలహాదారు మళ్లీ రాలేదన్నాడు.

"పేరు యాదికి లేదే."

"యాదికి లేకుంటేమాయె," అంది పుష్ప. "ఎటు దిక్కుంటదో అటు తిరిగి దండం పెట్టు."

ఎటు దిక్కుంటుందని బాలన్న రాకాన్‌ను అడిగాడు. రాకాన్ వర్క్‌షాపు బయటికి వచ్చి, సూర్యుణ్ని చూసి, కాసేపు లెక్కవేసి, వాయవ్యంగా చెయ్యి చాపాడు. ఆ వైపు పొలాల్లో ఒక మోటారు అప్పుడే మొదలై నీళ్లు తోడుతున్న చప్పుడు వినిపిస్తోంది. బాలన్న మరకల చేతులు ఓవరాల్‌కు తుడుచుకుని, అటు తిరిగి, దండం పెట్టాడు.